స్టెతస్కోపు పక్కన కుంచె

నిరుడు ఉగాది మరునాడు, అంటే మా వైపు హొసతొడకు రోజు, మా తమ్ముడు చింతామణి నుంచి మొదటి బస్సెక్కి చిక్కబళ్లాపురంలోని మా యింటికి వచ్చాడు. ఆ రోజు ఎవరైనా సొంత యింట్లో కూర్చొని కమ్మగా భోంచేస్తారు గానీ పొరుగూరు ప్రయాణం కట్టరు. గడపలో చెప్పులు విడవక ముందే, "అక్కా, నువ్వే చెప్పల్ల దానికి. డాక్టరు పని వదిలేసి బొమ్మలు గీస్తానంటాది" అన్నాడు.

"అది" అంటే వాడి ఒక్కగానొక్క కూతురు, నా మేనకోడలు. ఎం.బి.బి.ఎస్. పూర్తి చేసి, హౌస్ సర్జన్సీ ముగించి, అప్పటికి బాగేపల్లి దగ్గర ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ప్రభుత్వ సేవ చేస్తోంది. తమ్ముడిది మల్బరీ సాగు. రెండెకరాల తోట, ఒక పట్టుపురుగుల షెడ్డు. బిడ్డకు బెంగళూరులో ఏడాది కోచింగు, తరువాత ఐదున్నరేళ్ల చదువు, హాస్టలు, పుస్తకాలు. ఆ రెండెకరాల పత్రాలూ బ్యాంకులో ఉన్నాయి. వాడి కోపంలో అన్యాయమేమీ నాకు కనబడలేదు.

నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో పాఠాలు చెప్పినదాన్ని. ఎందరి పిల్లలకో "ఇష్టమైనది చదువుకో నాయనా" అని సలహా ఇచ్చాను. సొంత తమ్ముడు ఎదుట కూర్చొని కళ్లు తుడుచుకుంటూ ఉంటే మాత్రం ఆ మాట నోట రాలేదు. "వచ్చే ఆదివారం దాన్ని పిలిపిస్తాను, నువ్వు పోయి అన్నం తిను" అని మాత్రం అన్నాను.

నోటుపుస్తకంలో చేతులు

ఆదివారం మేనకోడలు వచ్చింది. సంచిలో నుంచి ఒక లావుపాటి నోటుపుస్తకం తీసి నా ఒడిలో పెట్టింది. అందులో పూలు లేవు, కొండలు లేవు, దేవుళ్లు లేరు. అన్నీ చేతులు, వీపులు, మోకాళ్లు. పట్టు తీసే ఆడవాళ్ల చేతులు. శిడ్లఘట్ట, చింతామణి వైపు వాళ్లకు ఆ చేతులు తెలుసు. రోజంతా వేడి నీళ్లలో పట్టుగూళ్లను కలియబెడుతూ దారం కొస వెదకడం వల్ల వేళ్ల చివర్లు నానిపోయి, తెల్లబడి, చర్మం లేచి ఉంటాయి. ఇంకో పుటలో ఒక ముసలాయన. వెన్ను వంగదు, మెడ తిరగదు. పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే ఒళ్లంతా తిప్పాలి.

"ఈయనకు ఏమి జబ్బు?" అన్నాను.

"నీళ్లు అత్తా. బోరు నీళ్లు" అంది.

మన బాగేపల్లి, చింతామణి ప్రాంతాల వారికి ఇది వివరించనక్కరలేదు. చెరువులు ఎండి, బోర్లు లోతుకు పోయేకొద్దీ రాతి పొరల్లోని ఫ్లోరైడ్ నీళ్లలోకి వస్తుంది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించకూడదని ప్రమాణం. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పిల్లలకు పళ్ల మీద గోధుమరంగు గార పడుతుంది. పెద్దలకు ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. ఒకసారి బిగుసుకున్న వెన్నును మామూలు చేసే మందు లేదు.

"రోగులను చూడనని నేను అనడం లేదు అత్తా. చూడడానికి టైము లేదంటున్నా. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. బీపీ చూసి, మాత్రలు రాసి, తరువాతి వాళ్లను పిలవాలి. రాత్రి రూముకు పోయి గీస్తా ఉంటే అప్పుడు నిజంగా వాళ్లను చూసినట్లుంటాది."

పిల్ల చదువులో వెనకబడి పారిపోతున్నదని అంతవరకు నేననుకున్నాను. ఆ మాటతో నా అనుమానం పోయింది. కానీ రెండెకరాల పత్రాలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి కదా! అందుకే, ఇలాంటి దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఉంటే వాళ్ల ఇళ్లు ఎలా గడిచాయి అని వెదకడం మొదలుపెట్టాను. నాకు దొరికినవి మన పత్రిక కుటుంబాలతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముప్పై ఏళ్లు రెండు పనులు

ముందుగా కనిపించినది సుధీర్ పట్వర్ధన్ గారి జీవితం. 1949లో పుణేలో పుట్టారు. అక్కడి సాయుధ దళాల వైద్య కళాశాలలో చదివి 1972లో డాక్టరు అయ్యారు. మరుసటి ఏడాది బొంబాయి చేరారు. చిత్రలేఖనం ఏ కళాశాలలోనూ నేర్చుకోలేదు, సొంతంగా నేర్చుకున్నదే. 1975 నుంచి 2005 వరకు, అంటే సరిగ్గా ముప్పై ఏళ్లు, థానేలో రేడియాలజిస్టుగా పనిచేశారు. పగలు ఎక్స్‌రేలు చూడడం, మిగిలిన వేళ బొమ్మ వేయడం.

1979లో ఢిల్లీలో ఆయన మొదటి సొంత ప్రదర్శన జరిగింది. 1981లో భూపేన్ ఖక్కర్, గులాం మహమ్మద్ షేక్ వంటి వారితో కలిసి ఒక ప్రదర్శనలో పాల్గొన్నారు. మన దేశపు ఆధునిక చిత్రకళ చరిత్రలో దానిని ఈనాటికీ తలచుకుంటారు. అప్పటికే ఆయన పేరున్న చిత్రకారుడు. అయినా ఆసుపత్రి పని మానలేదు. మానింది 2005లో, యాభై ఆరో ఏట. అప్పటి నుంచి పూర్తికాలం చిత్రకారుడు. 2019లో ముంబయిలోని జాతీయ ఆధునిక కళా వీథిలో ఆయన జీవితకాలపు కృషి అంతటినీ ఒకచోట చేర్చి పెద్ద ప్రదర్శన పెట్టారు.

ఆయన వేసినవి ఏమిటి? ఇరానీ హోటల్లో కూర్చున్న మనిషి, లోకల్ రైల్లో వేలాడే కూలీలు, మిల్లులు మూతపడిన లోయర్ పరేల్, థానేలో కొండల పక్కన లేస్తున్న అపార్టుమెంట్లు. గొప్పవాళ్ల రూపచిత్రాలు కావు. రోజూ ఆయన ఎక్స్‌రే గదికి వచ్చిపోయే లాంటి మనుషులే. లోపలి ఎముకను చూసే కన్ను బయటి మనిషిని కూడా అంత ఓపికగా చూసిందన్నమాట.

ఇంకొక సంగతి మన లాంటి చిన్న ఊళ్లవాళ్లకు నచ్చేది. ఈ కాలపు చిత్రాలు ముంబయి, ఢిల్లీ గ్యాలరీలలోనే ఉండిపోకూడదని, మహారాష్ట్రలోని ఇతర పట్టణాల జనం కూడా చూడాలని ఆయన ఒక సంచార ప్రదర్శనను రూపొందించి ఊరూరా తిప్పారు.

బావిలోకి చూసిన డాక్టరు

రెండవవారు గీవ్ పటేల్ గారు. 1940లో బొంబాయిలో ఒక పార్సీ కుటుంబంలో పుట్టారు. గ్రాంట్ మెడికల్ కళాశాలలో చదివారు. కొంతకాలం గుజరాత్ పల్లెలో ప్రభుత్వ వైద్యుడిగా చేసి, తరువాత బొంబాయిలో మామూలు జనానికి జనరల్ ప్రాక్టీసు పెట్టుకున్నారు. ఆయన చిత్రకారుడే కాదు, ఇంగ్లీషులో కవి, నాటక రచయిత కూడా. చెట్టును నరకడం మీద ఆయన రాసిన పద్యం సీబీఎస్ఈ తొమ్మిదో తరగతి పుస్తకంలో చాలా ఏళ్లు పాఠంగా ఉంది. మన పిల్లలు చాలామంది కంఠతా పట్టే ఉంటారు, రాసినాయన వైద్యుడని తెలియకుండానే.

ఈయన కూడా 2005లోనే వైద్యం నుంచి విరమించుకున్నారు. 2023 నవంబరులో కన్నుమూశారు. ఆయన చిత్రాలలో ఒక వరుస ఉంది. అంతా బావిలోకి తొంగి చూడడమే. పైనుంచి చూస్తే గుండ్రని నీళ్లు, ఆ నీళ్లలో ఆకాశం, ఆకులు, వెలుతురు. ఇంకొక వరుస చూడడానికి గుండె గట్టిగా ఉండాలి. నలిగిన తల, నీటిలో మునిగి చనిపోయిన స్త్రీ, దెబ్బలు తిన్న శరీరం. డాక్టరుగా చూసినవాటిని ఆయన మరచిపోలేదు, చూడనట్లు నటించనూ లేదు.

ఈ యిద్దరి కథలూ చెబితే మా తమ్ముడికి కాస్త ప్రాణం లేచి వచ్చింది. "అంటే ఇద్దరూ అరవై యేండ్లు దగ్గర పడేదాకా డాక్టరు పని చేసినారు కదా! ఇది ఇరవై ఐదుకే వదిలేస్తానంటాదే" అన్నాడు. మాట నిజమే. ఒక పక్షం కథలే చెప్పడం మంచిది కాదని, ముందుగానే వదిలినవాళ్ల సంగతి కూడా వాడికి చెప్పాను.

ముందే వదిలినవాళ్లు

ఫ్రాన్సులో 1841లో పుట్టిన ఫ్రెడెరిక్ బజిల్ అనే యువకుడికి బొమ్మలంటే పిచ్చి. తల్లిదండ్రులు కలిగినవాళ్లు. "వైద్యం కూడా చదివేటట్లయితే బొమ్మలు నేర్చుకో" అని షరతు పెట్టి పారిస్ పంపారు. ఆ మాట ఎక్కడో విన్నట్లుంది కదూ! 1864లో అతడు వైద్య పరీక్ష తప్పాడు. అప్పటి నుంచి పూర్తిగా చిత్రలేఖనమే. క్లాడ్ మోనే, రెన్వార్ అతడి స్నేహితులు. వాళ్లకు డబ్బు లేనప్పుడు తన గదిలోనే చోటిచ్చాడు. పాపం, 1870లో ప్రష్యాతో జరిగిన యుద్ధంలో ఇరవై తొమ్మిదో పుట్టినరోజుకు కొన్ని రోజుల ముందు చనిపోయాడు. అతడు వదిలిపోయినవి కొద్ది చిత్రాలే అయినా ఇప్పుడు పెద్ద మ్యూజియంలలో ఉన్నాయి. కానీ ఒక మాట మరవకూడదు. ఇంటి నుంచి నెలనెలా డబ్బు వచ్చేది. మా తమ్ముడింటి పరిస్థితి అది కాదు.

ఇంగ్లండులో హెన్రీ టాంక్స్ సంగతి వేరు. 1888లో శస్త్రవైద్యుల ఎఫ్.ఆర్.సి.ఎస్. పట్టా పొందిన సర్జన్. సాయంత్రాలు చిత్రకళా పాఠశాలకు వెళ్లేవాడు. కొన్నేళ్లకు శస్త్రవైద్యం వదిలి లండన్‌లోని స్లేడ్ కళాశాలలో బొమ్మలు నేర్పే గురువయ్యాడు. అక్కడితో వైద్యం కథ ముగిసిందనుకున్నారు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. తుపాకి గుండ్లకు ముఖాలు ఛిద్రమైన సైనికులు ఆసుపత్రులకు వచ్చిపడ్డారు. 1916లో హెరాల్డ్ గిలీస్ అనే వైద్యుడు ఆల్డర్షాట్‌లో ఆ ముఖాలను తిరిగి నిలబెట్టే శస్త్రచికిత్సలు చేస్తుంటే, పక్కన నిలబడి ఆ గాయాలను, ఆపరేషనుకు ముందు, తరువాత, రంగు సుద్దలతో చిత్రించినవాడు టాంక్స్. సర్జనుకు తెలిసిన శరీరం, చిత్రకారుడికి తెలిసిన రంగు, రెండూ ఉన్న మనిషి కాబట్టే ఆ పని చేయగలిగాడు. ఆ చిత్రాలు లండన్‌లోని శస్త్రవైద్యుల కళాశాల వద్ద భద్రంగా ఉన్నాయి. వదిలేసిన చదువు అవసరమైన రోజున వెతుక్కుంటూ వచ్చింది.

మనవాళ్ల సంగతి

ఎక్కడో ఫ్రాన్సు, ఇంగ్లండు దాకా ఎందుకు అంటారా? మనవాళ్లలోనూ ఉన్నారు. శ్రీపాద పినాకపాణి గారు (1913–2013) వైద్యం వదలనే లేదు. కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యులుగా పనిచేస్తూనే నేదునూరి కృష్ణమూర్తి, ఓలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ వంటి విద్వాంసులకు సంగీతం నేర్పారు. 1983లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. బాపు గారు మద్రాసులో న్యాయశాస్త్రం చదివి పట్టా పుచ్చుకున్నారు. కోర్టుకు పోయి నల్లకోటు తొడుక్కొని ఉంటే మన ఇళ్లలో ఇన్ని శుభలేఖల మీద ఆ గీత, ఆ చేతిరాత ఉండేవా?

మన పక్క తాలూకా దొడ్డబళ్లాపురంలో 1910లో పుట్టిన రుమాలె చెన్నబసవయ్య గారు స్వాతంత్ర్య సమరంలోను, రాజకీయాల్లోను చాలా ఏళ్లు గడిపి, నడివయసులో తిరిగి కుంచె పట్టి బెంగళూరు పూలచెట్లను కాన్వాసు నిండా పూయించారు. ఇంకా దగ్గరకు వస్తే మన చింతామణి తాలూకా కైవారం తాతయ్య. గాజుల మలారం భుజాన వేసుకొని ఊరూరా తిరిగిన నారాణప్ప, తెలుగులోను కన్నడంలోను పాడిన యోగి అయ్యాడు. ఈనాటికీ మన భజనల్లో ఆయన తత్వాలు లేని రాత్రి ఉండదు. ఆయన గాజుల వ్యాపారం మానినప్పుడు ఇంట్లోవాళ్లు ఏమనుకొని ఉంటారో అని నేను ఇదివరకు ఎన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

లేపాక్షి కప్పు కింద

ఇన్ని కథలు చెప్పినా తండ్రీ కూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే కూర్చున్నారు. చివరకు మేనకోడలే, "నాయనా, ఒక్కరోజు నా వెంట లేపాక్షికి రా. ఆ తరువాత నువ్వు ఏమి చెప్పినా వింటా" అంది.

బాగేపల్లి దాటి హైదరాబాదు రోడ్డులో కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఎడమకు తిరిగి, చిలమత్తూరు మీదుగా పోతే లేపాక్షి. మన యింటి వాకిలి లాంటిది. అయినా మా తమ్ముడు యాభై నాలుగేళ్లలో ఒకసారే చూశాడు, అదీ బస్సు ఆగితే నంది దగ్గర. 16వ శతాబ్దంలో, విజయనగర రాజుల కాలంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు కట్టించిన వీరభద్రాలయం అది. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది. అందరూ వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి వెళ్లిపోతారు. అసలు సంపద తల పైకెత్తితే కనబడుతుంది. మండపాల కప్పుల మీద పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, పెద్ద వీరభద్రుడు. కావి ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు. ఆ స్త్రీల చీరల అంచులు చూసి ఈనాటికీ నేతవాళ్లు డిజైన్లు ఎత్తుకుంటున్నారు.

మెడ నొప్పి పుట్టి తమ్ముడు మండపంలో బండల మీద వెల్లకిలా పడుకున్నాడు. పక్కనే కూతురు కూర్చొంది. ఒక మూలగా గీసిన మనుషుల నడుములు, మోచేతులు చూపించి ఏ ఎముక ఎక్కడ తిరిగిందో, ఎక్కడ చిత్రకారుడు కావాలని సాగదీశాడో చెబుతూ పోయింది. డాక్టరుగానే చెప్పింది. వాడు చాలాసేపు విన్నాడు.

"వీళ్ల పేర్లు ఏమి?" అన్నాడు చివరకు.

"కట్టించినవాళ్ల పేర్లే తెలుసు నాయనా. గీసినవాళ్లవి తెలీదు."

"అయితే వీళ్లకు కూలి ఎవురిచ్చినారో?"

నాకు నవ్వు వచ్చింది గానీ అడగవలసిన ప్రశ్నే అది. నాకు తెలిసినంతలో ఏ కళాకారుడి కథలోనైనా కూలి ఎవరిచ్చారన్నది ఉంటుంది. బజిల్‌కు తండ్రి ఇచ్చాడు. పట్వర్ధన్ గారికి ఎక్స్‌రే గది ఇచ్చింది. లేపాక్షివారికి గుడి ఇచ్చింది. మా పిల్లకు ఎవరిస్తారు?

కుదిరిన లెక్క

తిరుగు దారిలో బాగేపల్లిలో కాఫీకి ఆగినప్పుడు ఆ లెక్క వేసుకున్నాం. ప్రభుత్వ సేవ ఏడాదీ పూర్తి చేయాలి, మధ్యలో మానకూడదు. తరువాత మూడేళ్లు చిక్కబళ్లాపురంలో ఒక క్లినిక్కులో పూటపని. ఆ జీతంలో సగం బ్యాంకుకు. వైద్య మండలి రిజిస్ట్రేషను గడువు తప్పకుండా చూసుకోవాలి. పోగొట్టుకుంటే తిరిగి తెచ్చుకోవడం తలనొప్పి. మధ్యాహ్నం నుంచి బొమ్మలు, శని ఆదివారాలు బెంగళూరులో ఒక గురువు దగ్గర శిక్షణ. మూడేళ్ల తరువాత నిర్ణయం పిల్లది. తండ్రి ఆ రోజు నోరెత్తకూడదు. ఇది మేనకోడలు పెట్టిన షరతు. తమ్ముడు కాఫీ గ్లాసు కింద పెట్టి, "సరే" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఎంత ఖర్చయిందో నాకు తెలుసు.

ఇందులో నాకు మిగిలిన బాధ ఒకటి ఉంది, దాచను. ఆ వెన్ను వంగని ముసలాయన ఊరికి మళ్లీ డాక్టరు ఎప్పుడు వస్తాడో తెలియదు. మన పల్లెలకు బొమ్మల కంటే ముందు మందు కావాలనేవారి మాట తప్పని నేను అనలేను. ముద్దేనహళ్లిలో 2023లో ఉచిత వైద్య కళాశాల ప్రారంభమైంది. అక్కడ చదివి బయటికి వచ్చే పిల్లలలో కొందరైనా ఈ పల్లెల్లో నిలబడితే బాగుండును. మా పిల్లను మాత్రమే బలవంతంగా నిలబెట్టి, రెండు నిమిషాలకొక రోగిని చూడమంటే ఆమె ఎంతకాలం మంచి డాక్టరుగా ఉంటుంది? దీనికి నా దగ్గర జవాబు లేదు. మీ ఇళ్లలో దీనికి జవాబు దొరికి ఉంటే పత్రికకు రాయండి.

మొన్న జనవరిలో బెంగళూరు చిత్రకళా పరిషత్తు వారి చిత్రసంతెలో మేనకోడలు ఒక స్నేహితురాలితో కలిసి చిన్న చోటు తీసుకొని పది చిత్రాలు పెట్టింది. తమ్ముడు పురుగులకు ఆకు వేసే పని పక్కింటివాళ్లకు అప్పగించి, తెల్లవారేసరికి కుమారకృపా రోడ్డుకు వచ్చేశాడు. పొద్దు గుంకేదాకా నిలబడే ఉన్నాడు. ఒక్క చిత్రమూ అమ్ముడు పోలేదు. జనం మాత్రం ఒక చిత్రం దగ్గర ఆగుతూ వచ్చారు. నానిపోయిన ముసలి చేతులు రెండు, వేళ్ల మధ్య కనబడీ కనబడని పట్టుదారం.

"ఎవరివి ఈ చేతులు?" అని ఎవరో కన్నడంలో అడిగితే, పిల్ల జవాబు చెప్పేలోగా వాడే ముందుకు వచ్చాడు.

"మా అమ్మవి" అన్నాడు.

నాకూ అమ్మే కదా! పుస్తకంలో అన్నిసార్లు చూసి కూడా నేను గుర్తుపట్టలేదు.